తోటి అధ్యాపకుడి తరగతిలో కూర్చున్నప్పుడు ఏం రాసుకోవాలి, ఆ రాత ఎవరికి చేరాలి?

ప్రశ్న: రసాయనశాస్త్ర అధ్యాపకుడు, పర్లాకిమిడి

గజపతి జిల్లాలోని ఒక డిగ్రీ కళాశాలలో ప్లస్ త్రీ విద్యార్థులకు రసాయనశాస్త్రం చెబుతున్నాను. ఈ సెమిస్టరు నుంచి అధ్యాపకులు ఒకరి తరగతిని మరొకరు చూసి అభిప్రాయం రాయాలని మా ఐక్యూఏసీ (కళాశాల అంతర్గత నాణ్యతా హామీ విభాగం) నిర్ణయించింది. ఆలోచన మంచిదే. అయితే మాకిచ్చిన ప్రొఫార్మాలో విషయ పరిజ్ఞానం, భావ వ్యక్తీకరణ, తరగతి నియంత్రణ అనే శీర్షికల ఎదుట ఒకటి నుంచి ఐదు వరకు మార్కులు వేసి, సంతకం చేసి, నేరుగా ప్రిన్సిపాల్ గారి కార్యాలయంలో ఇవ్వమన్నారు. నాకు జతగా వేసినవారు వృక్షశాస్త్రం చెప్పే ఒడియా సహోద్యోగి. వయసులోనూ సర్వీసులోనూ నాకంటే పెద్దవారు. ఆయనకు మూడు వేయడానికి నాకు మనసొప్పదు, ఐదు వేస్తే ఆయనకు ఒరిగేదేమీ ఉండదు.

భాషతో మరొక చిక్కు ఉంది. నా తరగతిలో ఒడియా పిల్లలు, తెలుగు పిల్లలు, కొండ ఊళ్ల నుంచి వచ్చే సవర పిల్లలు కలిసి కూర్చుంటారు. పుస్తకం ఇంగ్లీషులో ఉంటుంది, వివరణ ఎక్కువగా ఒడియాలో సాగుతుంది, అర్థం కాక దిక్కులు చూసే తెలుగు పిల్లలకు అదే సంగతి మళ్లీ తెలుగులో చెబుతాను. తెలుగు అంతగా రాని ఆయనకు అది పక్షపాతంగానో, కాలయాపనగానో కనిపిస్తుందేమోనని నా సందేహం. పైగా వృక్షశాస్త్రం వారు రసాయనశాస్త్ర పాఠాన్ని ఏ ప్రాతిపదికన చూడగలరు? ఇటువంటి పరిశీలనలో పాల్గొన్నవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం: విద్యాశాస్త్ర అధ్యాపకురాలు, బరంపురం

ముందుగా ఆ మార్కుల గడులను తీసివేయమని మీ ఐక్యూఏసీని అడగండి. మార్కు ఉన్నంతకాలం పరిశీలకుడు న్యాయమూర్తిగానే కూర్చుంటాడు, చూడబడేవారు ఆ రోజుకు తగిన ప్రదర్శన ఒకటి ఇస్తారు, ఇద్దరికీ పని అయిపోతుంది.

ఎంఎడ్‌లో క్లినికల్ సూపర్‌విజన్ అని మేము చెప్పే పద్ధతి హార్వర్డ్‌లో ఉపాధ్యాయుల శిక్షణలో పనిచేసిన మోరిస్ కోగన్, రాబర్ట్ గోల్డ్‌హామర్ల ఆలోచనలలో నుంచి వచ్చింది. తరగతికి ముందు ఇద్దరూ మాట్లాడుకోవడం, తరగతిని చూడటం, తరువాత మళ్లీ కూర్చొని మాట్లాడుకోవడం దానికి ఆయువుపట్టు. మన దగ్గర నడిమి పని ఒక్కటే జరుగుతుంది. నిజానికి అసలు ఫలితం ముందు మాటల్లోనే ఉంది, ఎందుకంటే ఏం చూడాలో నిర్ణయించవలసినది పరిశీలకుడు కాదు, పాఠం చెప్పేవారు. "నేను ప్రశ్న అడిగాక పిల్లలకు ఆలోచించే వ్యవధి ఇస్తున్నానా, అది చూడండి" అని మీరు కోరితే ఆయన దృష్టి అక్కడే నిలుస్తుంది. ఆ ప్రశ్న ఊరికే చెప్పినది కాదు. అమెరికాలో బడి పిల్లల సైన్సు తరగతులను పరిశీలించిన మేరీ బడ్ రో, ఉపాధ్యాయులు ప్రశ్న వేశాక సగటున 1 సెకను మాత్రమే ఆగుతున్నారనీ, 3 సెకన్లు ఆగితే పిల్లల జవాబులు నిడివిలోనూ ఆలోచనలోనూ మెరుగుపడుతున్నాయనీ 1970లలోనే చూపించారు. తాను ఎంతసేపు ఆగుతున్నాడో పాఠం చెప్పేవాడికి తెలియదు. గడియారం చూస్తూ వెనక కూర్చున్నవాడికి తెలుస్తుంది.

ఇక రాసే తీరు. "బోధన ఆసక్తికరంగా ఉంది" అన్న వాక్యం మెచ్చుకోలే గాని పరిశీలన కాదు. "10.42కు బఫర్ ద్రావణంలో కొద్దిగా ఆమ్లం కలిపితే పీహెచ్ ఎందుకు పెద్దగా మారదని అడిగారు, ఎవరూ నోరు విప్పకముందే మీరే జవాబు చెప్పారు, కిటికీ వైపు చివరి రెండు బెంచీల నుంచి గంటంతా ఒక్క మాట రాలేదు" అని రాస్తే దాని మీద మీరు ఆలోచించగలరు. తరువాతి సమావేశంలో మొదట పాఠం చెప్పినవారే మాట్లాడాలి. ఒకటి రెండు రోజులు దాటకముందే కూర్చోవాలి, లేకపోతే కాగితం మిగులుతుంది గాని తరగతి గుర్తుండదు.

వృక్షశాస్త్రం వారు కావడం మీకు మేలే. బఫర్ గురించి ఆయన మరచిపోయి ఉంటే, ఎక్కడ పట్టు తప్పిందో విద్యార్థి స్థానం నుంచి చెప్పగలరు. విషయంలోని తప్పొప్పులు చూడటానికి మీ శాఖవారు ఎలాగూ ఉన్నారు.

సమాధానం: భౌతికశాస్త్ర అధ్యాపకుడు, రాయగడ జిల్లా

మేడమ్ గారు చెప్పినదానితో చాలావరకు ఏకీభవిస్తాను గాని, అలవాటు లేనివారికి తెల్ల కాగితం ఇస్తే మళ్లీ మెచ్చుకోళ్లే రాస్తారు. తరగతిలో ఎవరు ఎలా మాట్లాడుతున్నారో నమోదు చేసే ఫ్లాండర్స్ పద్ధతి బీఎడ్ చదివినవారికి తెలుసు. 10 విభాగాలు పెట్టుకొని 3 సెకన్లకొకసారి గుర్తు వేయడం కాగితం మీద బాగుంటుంది, మామూలు అధ్యాపకుడి వల్ల కాదు. దానికంటే 2013లో బ్రిటిష్ కొలంబియా, మెయిన్ విశ్వవిద్యాలయాలవారు ప్రచురించిన కోపస్ అనే పట్టిక సులువు. ప్రతి 2 నిమిషాలకూ విద్యార్థులు ఏం చేస్తున్నారు, అధ్యాపకుడు ఏం చేస్తున్నాడు అని మొత్తం 25 సంకేతాలలో తగినవాటిని గుర్తించాలి. వింటున్నారా, జట్టుగా చర్చిస్తున్నారా, ప్రశ్న అడిగారా అన్నంతవరకే. పాఠం బాగుందా లేదా అన్న తీర్పు అందులో ఉండదు.

మీ భాషా సమస్యకు ఆ పట్టికలోనే మరొక గడి గీయండి. ప్రతి 2 నిమిషాలకూ మీరు మాట్లాడిన భాష ఇంగ్లీషా, ఒడియానా, తెలుగా అని ఒక్క అక్షరం వేయమనండి. తెలుగు రాకపోయినా అది తెలుగని ఆయనకు తెలుస్తుంది గదా. ఏ భాష తరువాత ఎవరు నోటు పుస్తకంలో రాసుకున్నారో, ఎవరు ప్రశ్న వేశారో పక్కన రాస్తే పక్షపాతమన్న అనుమానానికి ఊహ బదులు లెక్క దొరుకుతుంది. నా మటుకు నాకు మీ తెలుగు మాటల కంటే సవర పిల్లల గడి ఎలా ఉంటుందన్నదే పెద్ద ప్రశ్న: ఆ మూడు భాషల్లో ఏదీ వారి ఇంటి భాష కాదు, వారు మౌనంగా ఉంటే అర్థమైందనే అనుకుంటాం.

సమాధానం: ఐక్యూఏసీ సభ్యుడు, బల్లార్షా, చంద్రాపూర్ జిల్లా

కాగితం ఎవరికి చేరాలన్నదానికే జవాబిస్తాను, ఎందుకంటే ఆ గొడవ మా వైపు కూడా ఉంది. ఇంగ్లండులో డేవిడ్ గోస్లింగ్ 2002లో ఈ పరిశీలనలను మూడు రకాలుగా విడదీశారు: పైవారు వచ్చి మూల్యాంకనం చేసేది, శిక్షణ ఇచ్చే నిపుణులు చూసేది, సమాన స్థాయివారు పరస్పరం చూసుకునేది. మీ కళాశాల మూడో రకం పేరు పెట్టి మొదటి రకం పని చేయిస్తోంది. కళాశాలలకు నాణ్యతా గుర్తింపు ఇచ్చే నాక్ సంస్థ రెండో ప్రమాణం బోధన, అభ్యసనం, మూల్యాంకనాలకు సంబంధించినది కనుక రుజువు కావాలని ఐక్యూఏసీ అనడం సహజమే. ఆ రుజువుకు ఏ తేదీన, ఏ జత, ముందు వెనుక సమావేశాలు జరిగాయా అన్న ఒక రిజిస్టరు చాలు. పరిశీలన కాగితం చూడబడినవారి దగ్గరే ఉండాలి. తన పద్ధతిలో ఏం మార్చుకున్నదీ ఆయనే ఇష్టపడి రెండు వాక్యాలు రాసిస్తే అది ఐక్యూఏసీకి ఇవ్వవచ్చు.

గెస్ట్ ఫ్యాకల్టీ సంగతి ప్రత్యేకంగా చూడాలి. కొనసాగింపు ఎవరి చేతిలో ఉందో వారే తరగతికి వస్తే, పేరు ఏది పెట్టినా అది తనిఖీయే అవుతుంది. ప్రిన్సిపాల్ గారు పాఠం చెబుతుంటే ముందు ఆయన తరగతినే చూడనివ్వమనండి. మిగిలినవారి బెరుకు సగం అక్కడే పోతుంది.

ప్రశ్న వేసినవారు

అందరికీ ధన్యవాదాలు. రిజిస్టరు ప్రతిపాదనను, భాష గడి ఉన్న పట్టికను సోమవారం మా సమన్వయకర్త ముందు పెడతాను. ముందు నేనే ఆయన తరగతికి వెళ్లి నేర్చుకుంటానంటే మా సీనియర్ గారు కాదనరనుకుంటున్నాను. ఒక్క చిన్న సందేహం: విద్యార్థులకు ముందే చెప్పాలా?

సమాధానం: విద్యాశాస్త్ర అధ్యాపకురాలు, బరంపురం

చెప్పాలి. చెప్పకపోతే సార్‌ను పరీక్షించడానికి ఎవరో వచ్చారనుకొని, మీ పరువు నిలపడానికి తెలియని ప్రశ్నలకు కూడా చేతులెత్తుతారు. "వచ్చినవారు మీకు మార్కులు వేయరు, నాకూ వేయరు, నా పాఠం ఎలా చేరుతోందో చూస్తారు" అని ముందు రోజే పిల్లలకు ఒక మాట చెప్పండి. పరిశీలకుడు గంట మొదలవకముందే వచ్చి వెనక కూర్చోవాలి, ముగిసేదాకా లేవకూడదు, మీరు అడిగినా పాఠంలో కలగజేసుకోకూడదు.