రాజమండ్రిలో ఒక్కదాన్నే వారం రోజులు: మ్యూజియాలు, పాత కట్టడాలు, ఊరి చరిత్ర ఎలా చూడాలి?

వశిష్ఠ_ఒడ్డు:

నమస్తే అండీ అందరికీ. డిసెంబరులో వారం రోజులు సెలవు దొరికింది. ఆ వారమంతా రాజమండ్రిలో ఒక్కదాన్నే ఉండి ఊరు చూడాలని ఉంది. మాది పాలకొల్లు పక్కన పల్లెటూరు, ఉద్యోగం బెంగళూరులో. రాజమండ్రి మాకు కొత్తేమీ కాదు, పెళ్లి బట్టలకు వెళ్లాం, పుష్కరాలకు వెళ్లాం, రైలెక్కడానికి వెళ్లాం, కానీ ఎప్పుడు వెళ్లినా పదిమందితో వెళ్లి పని చూసుకుని సాయంత్రానికి ఇంటికి వచ్చేయడమే. నిదానంగా తిరిగి చూసే వీలు ఎప్పుడూ దొరకలేదు.

ఎవరిని అడిగినా "వారమా? రెండు రోజులు చాలు, మిగతా రోజులు పాపికొండలు వెళ్లిరా" అంటున్నారు. నాకు పడవ షికారు వద్దండీ. నన్నయ భారతం మొదలుపెట్టిన ఊరు, వీరేశలింగం గారు వితంతు వివాహం జరిపించిన ఊరు అని బళ్లో చదువుకున్నాం కదా, అవన్నీ ఎక్కడ జరిగాయో ఆ వీధుల్లో నడవాలని ఉంది. పాత ఇళ్లు, వంతెనలు, గుళ్లు, మ్యూజియాలు ఏవి ముందు చూడాలి, ఏవి తర్వాత? బయటి ఊళ్లకి ఎన్ని రోజులు ఉంచుకోవాలి? ఆడపిల్ల ఒక్కతే ఉండటానికి ఏ పేట బాగుంటుంది, సాయంత్రాలు గట్టు మీద నడవొచ్చా? అమ్మ ఇప్పటికే టెన్షన్ పడుతోంది, ఆవిడకి కూడా సమాధానం చెప్పాలి.

కోటగుమ్మం_మాస్టారు:

అమ్మా, రెండు రోజులు చాలు అన్నవాళ్ల మాట వినకండి. ఒక్క సలహా మాత్రం గట్టిగా చెప్తాను. మొదటి రోజు మ్యూజియానికి వెళ్లొద్దు, పొద్దున్నే ధవళేశ్వరం వెళ్లండి. అరగంట ప్రయాణం, బస్సులూ ఆటోలూ ఎప్పుడూ ఉంటాయి.

ఎందుకంటే, రాజమండ్రిలో మీరు చూడబోయే పంతొమ్మిదో శతాబ్దం అంతా ఆ నీళ్ల మీద నిలబడింది. 1833 ప్రాంతంలో ఘోరమైన కరువు, 1839లో కోరంగిని ముంచేసిన తుపాను. అప్పటి రాజమండ్రి జిల్లాలో 1821లో 7,38,308 మంది ఉంటే 1841కి 5,61,041 మంది మిగిలారు. కళ్ల ముందు నుంచి గోదావరి సముద్రంలోకి పోతోంది, ఒడ్డున జనం తిండి లేక పోతున్నారు. ఈ పరిస్థితి చూపించే ఆర్థర్ కాటన్ మద్రాసు ప్రభుత్వాన్ని ఆనకట్టకు ఒప్పించాడు. 1847లో పని మొదలై 1852కి పూర్తయింది. నది పాయలుగా చీలే చోట మధ్యలో ఉన్న లంకల్ని కలుపుకుంటూ ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా కట్టారు. రాయి ధవళేశ్వరం కొండదే. ఆ రాయి మోయడానికి 1840లలోనే ఇక్కడ పట్టాలు వేశారు, దేశంలో మొదటి ప్రయాణికుల రైలైన బొంబాయి–ఠాణా రైలు ఇంకా నడవకముందే. కూలీలను కూడగట్టి పని నడిపించడంలో కాటన్‌కు కుడిభుజంగా నిలిచిన వీణం వీరన్న గారి పేరు కూడా గుర్తుపెట్టుకోండి, కాటన్ పేరు చెప్పిన ప్రతిచోటా ఆయన పేరూ చెప్పాలి అనేది నా పట్టుదల.

ఇప్పుడున్నది పాత ఆనకట్ట బదులు కట్టిన బ్యారేజీ, అది 1982 నాటికి పూర్తయింది. కాటన్ మ్యూజియంలో ఆనకట్ట నమూనాలు ఉంటాయి, వాటి ముందు కాసేపు నిలబడి తర్వాత బ్యారేజీ మీద నడవండి. వరదల్లో టీవీలో వినే మొదటి హెచ్చరిక 11.75 అడుగులు, రెండోది 13.75, మూడోది 17.75, ఇవన్నీ అక్కడి నీటిమట్టం లెక్కలే. డెల్టాలో పుట్టినవాళ్లకి ఆ అంకెలు ఊరికే అంకెలు కావు కదా.

ఆ తర్వాత ఊళ్లోకి రండి. కాలువలొచ్చాయి, పంట నిలబడింది, చేతిలో డబ్బు ఆడింది, దాని వెంటే బళ్లు, అచ్చు యంత్రాలు, పత్రికలు, సభలు వచ్చాయి. ఆర్ట్స్ కాలేజీ 1853లో జిల్లా బడిగా మొదలై 1873లో కాలేజీ అయింది, సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు అక్కడ పాఠాలు చెప్పారు. వీరేశలింగం గారి ఇల్లు, ఆయన కట్టించిన టౌన్ హాలు, ఆయనా భార్య రాజ్యలక్ష్మమ్మ గారూ సమాధుల్లో విశ్రమించిన ఆనంద గార్డెన్స్, ఈ మూడూ ఒకే రోజు చూడండి. మొదటి వితంతు వివాహం జరిగింది 1881 డిసెంబరు 11న. మీ సెలవు ఆ తేదీకి కలిస్తే ఆ రోజే వెళ్లండి. ఊరంతా వెలివేస్తామని బెదిరిస్తుంటే భార్యాభర్తలిద్దరూ ఎంత ధైర్యంగా నిలబడ్డారో ఆ ఇంటి వీధిలో నిలబడితే ఇంకా బాగా తెలుస్తుంది.

శాసనాల_దారి:

మాస్టారూ, మీ మీద గౌరవంతోనే విభేదిస్తున్నాను. ధవళేశ్వరంతో మొదలుపెడితే ఈ ఊరి వయసు నూట డెబ్భై ఏళ్లే అనిపిస్తుంది. వేంగీ చాళుక్య రాజు రాజరాజ నరేంద్రుడు సింహాసనం ఎక్కింది 1022లో. ఆయన కొలువులోనే నన్నయ భారతం మొదలుపెట్టాడు. అక్కడి నుంచి ఎత్తుకోకపోతే ఎలా?

ఇబ్బంది ఏంటంటే వేంగీ చాళుక్యుల కాలం నగరం మధ్యలో కళ్లకు కనబడేలా నిలబడి లేదు. దానికోసం బయటికి వెళ్లాలి, అది కష్టం కూడా కాదు. పొద్దున్న సామర్లకోట వైపు వెళ్లే పాసింజరు ఎక్కి బిక్కవోలులో దిగండి. తొమ్మిది, పది శతాబ్దాల గుళ్లు ఊళ్లోనూ ఊరి బయట పొలాల్లోనూ ఉన్నాయి. గోలింగేశ్వరాలయం, గణపతి గుడి అందరూ చూస్తారు, మీరు మాత్రం కంచరగుడి, నక్కలగుడి అడిగి మరీ వెళ్లండి. చుట్టూ వరి, మధ్యలో రాతి గుడి, మీతోపాటు ఇంకెవరూ ఉండరు. మళ్లీ అదే లైన్లో సామర్లకోట వెళ్తే కుమారారామం. చాళుక్య భీముడు (892–922) కట్టించిన రెండంతస్తుల గుడి, కింద నుంచి ఎదిగిన శివలింగాన్ని మెట్లెక్కి పై అంతస్తులో చూడాలి. ద్రాక్షారామం కూడా ఇదే తీరు. పాలకొల్లు పక్క ఊరంటున్నారు కాబట్టి క్షీరారామం మీకు ఎలాగూ తెలుసు, దాంతో పోల్చుకుంటూ చూడండి.

ద్రాక్షారామానికి మాత్రం ఒక రోజు పూర్తిగా ఇవ్వండి. స్తంభాల మీద, గోడల మీద వందల శాసనాలున్నాయి. దీపానికి ఎవరు ఎన్ని గొర్రెలు ఇచ్చారు, ఏ ఊరి భూమి ఎవరు రాసిచ్చారు, ఇవన్నీ అక్కడే చదువుకోవచ్చు. అక్షరాలు మీకు రాకపోయినా కాసేపు చూస్తే ఒకటీ అరా పోలిక దొరుకుతుంది, ఆ సంతోషం వేరు. రాజరాజ నరేంద్రుడి కొడుకే 1070లో చోళ సింహాసనం ఎక్కి కులోత్తుంగుడయ్యాడు, అందుకే తంజావూరు వైపు చరిత్రా మన డెల్టా చరిత్రా ఈ గోడల మీద కలిసిపోయి కనిపిస్తాయి.

ఇవి చూశాకే గోదావరి గట్టు దగ్గరున్న రాళ్లబండి సుబ్బారావు మ్యూజియానికి వెళ్లండి. 1922లో ఈ ఊళ్లోనే పుట్టిన ఆంధ్రేతిహాస పరిశోధక మండలి వాళ్లు ఊరూరా తిరిగి పోగుచేసిన కృషి దాని వెనక ఉంది. శిల్పాలు, నాణేలు, తాళపత్రాలు ఉంటాయి. గుళ్లు చూసి వచ్చిన కళ్లకి ఆ శిల్పాలు ఏ కాలానివో వాటంతట అవే పట్టుబడతాయి, చూడకుండా వెళ్తే గంటలో బయటికి వచ్చేస్తారు. మెయిన్ రోడ్డులో పెద్ద మసీదు కూడా మర్చిపోవద్దు, అక్కడ 1324 నాటి పర్షియన్ శాసనం ఉంది. ఢిల్లీ సేనలు గోదావరి దాకా వచ్చిన కాలానికి అంత గట్టి సాక్ష్యం ఇంకోటి ఈ ఊళ్లో లేదు. నమాజు వేళ కాకుండా వెళ్లి, పెద్దవాళ్లని అడిగి చూడండి.

దానవాయిపేట_పిల్ల:

అక్కా, మాస్టారూ, శాసనాల అన్నయ్యా ఇద్దరూ చెప్పినవి చూడాల్సినవే, కానీ అన్నీ కలిపి కుక్కితే చివరికి బస్సుల్లోనే వారం గడిచిపోతుంది. నేను ఇక్కడే పెరిగాను, ఒక్కదాన్నే తిరగడం అలవాటు, అందుకే చెప్తున్నా.

దేవీచౌక్, మెయిన్ రోడ్డు వైపు గది తీసుకుంటే టిఫిన్లు, ఆటోలు అన్నీ దగ్గర. గట్టు మీద పొద్దున్నా సాయంత్రం కుటుంబాలు, వాకింగ్‌కి వచ్చేవాళ్లు బాగానే ఉంటారు, ధైర్యంగా నడవండి. రాత్రి భోజనాల వేళ దాటాక మాత్రం రేవుల దగ్గర ఒంటరిగా కూర్చోకండి. అమ్మగారికి రోజూ సాయంత్రం గట్టు మీద నుంచి వీడియో కాల్ చేయండి, వెనకాల వంతెన కనబడితే ఆవిడకీ నిశ్చింత.

వంతెనలంటే గుర్తొచ్చింది. 1900లో మొదలై 1997 దాకా రైళ్లు మోసిన పాత హేవలాక్ వంతెన, 1974 నాటి రోడ్డు కం రైలు వంతెన, 1990లలో కట్టిన ఆర్చి వంతెన, మూడూ ఒకే నది మీద దగ్గర దగ్గరగా ఉన్నాయి. గోదావరి స్టేషన్లో రైలెక్కి కొవ్వూరులో దిగి, గోష్పాద క్షేత్రం చూసి మళ్లీ రైల్లోనే వచ్చేయండి. కిటికీ పక్కన సీటు దొరికితే పాత వంతెన ఇనుప గడ్డర్లు బాగా కనిపిస్తాయి. టికెట్టు కూడా చాలా తక్కువ.

ఇద్దరూ వదిలేసిన చోటు ఒకటుంది, నాకు ఊరంతటిలో ప్రాణం అదే. దామెర్ల రామారావు చిత్రకళా మందిరం. ఆయన 1897లో పుట్టి 1925లో మశూచితో పోయారు, ఇరవై ఎనిమిది నిండకుండానే. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర ఆ పిల్లాడి చేతి పనితనం చూసి బొంబాయి జేజే ఆర్ట్ స్కూలుకి పంపించాడు. రామారావు గారు తిరిగొచ్చి ఇక్కడే చిత్రకళాశాల పెట్టారు. ఆ కొద్ది ఏళ్లలో వేసిన బొమ్మలు చూస్తే, మన ఆడవాళ్ల నడక, చీర కుచ్చిళ్లు, ఒడ్డున చెట్లు, గోదావరి మీద పడే ఆ పసుపు వెలుతురు, అన్నీ మన ఇంటివే. నేను బాగా దిగులుగా ఉన్న రోజుల్లో కూడా అక్కడికే వెళ్తాను. ఒక్కో బొమ్మ ముందు తొందరపడకుండా నిలబడండి. ఒక పూట అంతా దానికే ఉంచుకోండి, ఇంకేదీ పెట్టుకోవద్దు.

మ్యూజియాలు, గ్యాలరీలకు సెలవు రోజులు వేరువేరుగా ఉంటాయి, ముందురోజే కనుక్కోండి. గౌతమీ గ్రంథాలయం కూడా చూడండి, అక్కడ పాత పత్రికలు, తాళపత్రాలు ఉన్నాయి. ఏం చదవాలనుకుంటున్నారో ముందే చెప్తే సిబ్బందికీ తీసివ్వడం సులువు. మధ్యలో రోజ్ మిల్క్ తాగకుండా మాత్రం ఊరు దాటొద్దు.

వశిష్ఠ_ఒడ్డు:

ముగ్గురికీ చాలా థాంక్స్ అండీ, ఇంత వివరంగా చెప్తారనుకోలేదు. అమ్మకి కూడా చదివి వినిపించాను, వీడియో కాల్ మాట నచ్చింది ఆవిడకి.

మాస్టారూ, ధవళేశ్వరంతోనే మొదలుపెడతాను, మా ఇంట్లో తిన్న ప్రతి ముద్దా ఆ కాలువ నీళ్లదే కాబట్టి. ద్రాక్షారామానికి ఒక రోజు, బిక్కవోలు, సామర్లకోటలకి ఒక రోజు, మిగతాదంతా ఊళ్లోనే. 11వ తేదీ వీరేశలింగం గారి ఇంటికి. దామెర్ల గ్యాలరీకి మీరన్నట్టు ఒక పూట మొత్తం, చెల్లీ.

ఒక ప్రశ్న ఇంకా మిగిలింది. చివరిరోజు మా ఊరు వెళ్తాను. పి.గన్నవరం అక్విడెక్టు మా తాతయ్య ఎప్పుడూ చెప్తుండేవారు, దారిలో చూడొచ్చా?

వైనతేయ_పాయ:

చూడొచ్చు, చూడాలి కూడా. కాటన్ కాలువల్లో అన్నిటికంటే సాహసమైన పని అదే. కింద వైనతేయ పాయ, పైన కాలువ. గన్నవరం అవతలున్న లంక భూములకి నీళ్లివ్వాలంటే నదిని దాటించడం తప్ప దారి లేదు, అందుకని 1850లలో 49 కమానులు కట్టి కాలువనే వంతెన ఎక్కించారు. తర్వాత దాని పక్కన కొత్త అక్విడెక్టు కట్టి 2000లో నీళ్లు వదిలారు. దానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. లంకల గన్నవరంలో వేళకాని వేళ వచ్చినవాళ్లకి కూడా లేదనకుండా అన్నం పెట్టిన తల్లి ఆవిడ, 1909లో పోయారు. ఆవిడ పేరు ఒక నీళ్ల కట్టడానికి పెట్టడం నాకు ఎంతో సరైనదనిపిస్తుంది.

రాజమండ్రి నుంచి రావులపాలెం వచ్చి, అక్కడ కొత్తపేట మీదుగా గన్నవరం వెళ్లే బస్సు ఎక్కండి. పాత కమానులు కనబడాలంటే ఒడ్డు నుంచి చూడాలి, రోడ్డు మీద నుంచి అంత బాగా తెలియదు. సామాను రాజమండ్రిలో వదలకండి, వెంట తెచ్చేసుకోండి. అటునుంచే రాజోలు వైపు వెళ్లి చించినాడ వంతెన దాటితే మీ పాలకొల్లే, మళ్లీ వెనక్కి తిరగనక్కర్లేదు.