కాల్షియం వల్ల సీటీ యాంజియోగ్రామ్‌లో అడ్డంకి పెద్దదిగా కనిపిస్తుందా? తెలిసినవారు చెప్పగలరు

మా నాన్నగారికి 64 ఏళ్లు. మెట్లెక్కితే ఛాతీ పట్టేసినట్లు ఉంటోందని, కాసేపు ఆగితే తగ్గిపోతోందని అన్నారు. వెంటనే డాక్టరుకు చూపించి, గుండె రక్తనాళాలకు సీటీ యాంజియోగ్రామ్ తీయించాం. గుండె వేగం తగ్గడానికి ముందుగా మాత్ర ఇచ్చారు, రక్తనాళాలు స్కానులో స్పష్టంగా కనిపించడానికి చేతి నరంలోకి అయోడిన్ మందు ఎక్కించారు. పరీక్ష తేలిగ్గానే అయిపోయింది. రిపోర్టు చూసినప్పటి నుంచి నాకు నిద్ర లేదు.

కాల్షియం స్కోరు (గుండె రక్తనాళాల్లో కాల్షియం ఎంత పేరుకుందో చెప్పే అంకె) 412. గుండె ముందు వైపుకు దిగే ఎడమ ధమని 50–69 శాతం సన్నబడిందని రాసి, ఆ కిందనే 'కాల్షియం వల్ల అంచనా కష్టం' అన్నారు. నాళం గోడ వెంట సున్నం ముద్దలా తెల్లగా మెరుస్తున్న చోటు నాకు కూడా కనిపించింది. స్కానులో కాల్షియం అసలు పరిమాణం కన్నా ఉబ్బి కనిపిస్తుందని చదివాను. మరి ఈ 50–69 శాతం అంకెను ఎంతవరకు నమ్మాలి?

డాక్టరుగారు రెండు దారులు చెప్పారు. ఒకటి, మణికట్టు గుండా సన్నని గొట్టం పంపే యాంజియోగ్రామ్. అడ్డంకి దాటాక రక్తపీడనం ఎంత పడిపోతోందో అక్కడే తీగతో కొలుస్తారట; అడ్డంకి దాటాక ఉన్న పీడనానికి, దానికి ముందున్న పీడనానికి నిష్పత్తి 0.80 లేదా అంతకన్నా తక్కువైతే స్టెంటు ఆలోచిస్తారట. రెండోది, గుండె కండరానికి రక్తం సరిగా అందుతోందో చూసే స్ట్రెస్ స్కాన్. నాన్నగారికి మధుమేహం ఉంది, మూత్రపిండాల పనితీరు తెలిపే రక్తపరీక్షలో క్రియాటినిన్ 1.5. మొదటి దారిలో మళ్లీ అయోడిన్ మందు అంటే మూత్రపిండాలు ఏమవుతాయోనని నా భయం.

ఇలాంటి రిపోర్టు వచ్చినవారు ముందు ఏది చేయించుకున్నారు? మూత్రపిండాల విషయంలో ఏ జాగ్రత్తలు తీసుకున్నారు? ఆస్పిరిన్, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మొదలుపెట్టాం. సోమవారం మళ్లీ డాక్టరును కలవాలి. ఆయన్ను తప్పకుండా అడగవలసిన ప్రశ్నలేమైనా ఉంటే దయచేసి రాయండి.