అప్‌డేట్: నా రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 బైక్‌కి విండ్‌షీల్డ్ బిగించాను

హైదరాబాద్–విజయవాడ హైవే మీద 80 దాటితే గాలి ఛాతీని వెనక్కి తోసేస్తోంది, ఎత్తు షీల్డ్ కొనాలా పొట్టిదా అని అడిగాను కదా. చివరికి మధ్యస్థ ఎత్తున్న పాలీకార్బొనేట్ (దెబ్బను తట్టుకునే గట్టి ప్లాస్టిక్) షీల్డ్ తీసుకున్నాను. అక్రిలిక్ అనే ఇంకో ప్లాస్టిక్‌కి గీతలు త్వరగా పడవు గానీ, దెబ్బ తగిలితే పగులుతుంది. మన రోడ్ల మీద లారీల కింద నుంచి ఎగిరే రాళ్లకు పాలీకార్బొనేటే నయం.

ఎత్తు చూసుకోమని మీరిచ్చిన సలహా బాగా పనికొచ్చింది. బండి మీద మామూలుగా కూర్చుంటే పై అంచు నా ముక్కు దగ్గరికి వస్తుంది, చూపు దాని మీదుగా పోతుంది. రాత్రి వానలో ఎదుటి లైట్లు షీల్డ్ మీద చెదిరిపోతే అందులోంచి చూడటం నరకమే మరి!

ఛాతీకి గాలి ఆగింది, కానీ హెల్మెట్ దగ్గర దడదడ మొదలైంది. షీల్డ్ వెనక ఒత్తిడి తగ్గి గాలి సుడి తిరగడమే కారణం. హెడ్‌లైట్ పైన కాస్త సందు వదిలి, షీల్డ్‌ని కొంచెం వెనక్కి వంచాక చాలావరకు తగ్గింది.

బిగించేవాళ్లకు: రబ్బరు వాషర్లు తప్పనిసరి, బోల్టులు మరీ బిగించొద్దు. హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పి, కేబుళ్లు లాగడం లేదని చూసుకోండి. థ్రెడ్‌లాకర్ (బోల్టులు వదులవకుండా మరలకు పూసే జిగురు) తగిలితే పాలీకార్బొనేట్ బీటలు వారుతుంది, పెట్రోలుతో తుడిచినా అంతే. సబ్బునీళ్లు, మెత్తటి గుడ్డ చాలు.

పక్కగాలికి హ్యాండిల్ కాస్త లాగుతోంది. లారీని దాటేటప్పుడు తెలుస్తుంది.