సూర్యుని గాలి శక్తి భూమి మాగ్నెటిక్ ఫీల్డ్ లోపటికి ఎట్ల వస్తది?

మిర్యాలగూడ_పిల్ల:
అన్నలూ ఒక డౌటు. మా చెల్లె టెన్త్, భూమి మాగ్నెటిక్ ఫీల్డ్ సోలార్ విండ్‌ను, అంటే సూర్యుని నుంచి వచ్చే కణాల గాలిని, పక్కకు నెట్టేస్తదని చదువుకుంట ఉంటే అడిగింది, మరి 2024 మేల లదాఖ్ హాన్లే నుంచి ఎర్రటి వెలుగు కనపడ్డది గదక్కా, అది ఎట్ల అని. ధ్రువాల కాడ బొక్క గిట్ల ఉంటదా?

పాలమూరు_ఫిజిక్స్:
ధ్రువాల పైన కస్ప్‌లు, అంటే ఫీల్డ్‌ల గరాటు లాంటి సందులు, ఉంటయమ్మా, కొన్ని కణాలు అక్కడ్నుంచి దిగుతయి గాని శక్తి వచ్చే అసలు దారి వేరే. సోలార్ విండ్ సెకనుకు దాదాపు 400 కిలోమీటర్లు ఉరుకుతది, వచ్చేటప్పుడు సూర్యుని మాగ్నెటిక్ ఫీల్డ్‌ను గూడ మోసుకొస్తది, ఇదే ముఖ్యం. పగటి వైపు సుమారు 65 వేల కిలోమీటర్ల కాడ అది మన ఫీల్డ్‌కు ఎదురుపడ్తది. అక్కడ మన ఫీల్డ్ గీతలు ఉత్తరం దిక్కు ఉంటయి. వచ్చేవి దక్షిణం దిక్కు ఉన్నయనుకో, రెండు తెగి ఒకదానికొకటి అతుక్కుంటయి. దీన్నే రీకనెక్షన్ అంటరు, 1961ల జేమ్స్ డంగీ దీంతోనే మొత్తం వివరించిండు. ఇగ ఒక కొస భూమికి, ఇంకో కొస సోలార్ విండ్‌కు, గాలి ఆ గీతల్ని గుంజుకుంట రాత్రి వైపు సాగి ఉన్న మన ఫీల్డ్ తోకలకు తీస్కపోతది, అక్కడ శక్తి జమ అయితనే ఉంటది, ఆఖరికి సాగిన రబ్బరు తెగినట్టు తోకల గూడ రీకనెక్షన్ అయితది, కణాలు భూమి దిక్కు దూస్కొస్తయి. అరోరాలు, అంటే మీ చెల్లె అడిగిన అసొంటి ఆకాశంల వెలుగులు, మస్తుగ వెలిగేది అప్పుడే. చెరువు కట్ట ఎంత గట్టిదైనా తూము లేపితే నీళ్లు పోవా, గిదీ అంతే.

దేవరకొండ_ఆకాశం:
సార్ చెప్పింది కరెక్టే, ఒకటి కలుపుత. వచ్చే ఫీల్డ్ ఉత్తరం దిక్కున్నా తూము పూర్తిగ బంద్ కాదు. పక్కల పొంటి గాలి రాసుకుంట పోతే చెరువు మీద లేసినట్టు అలలు లేస్తయి, కెల్విన్-హెల్మ్‌హోల్ట్జ్ అలలంటరు, వాటి సుళ్లల్ల గూడ కొంత లోపటికొస్తది, తక్కువనే. రీకనెక్షన్‌ను దగ్గర్నుంచి చూసేటందుకు నాసా 2015ల ఎమ్‌ఎమ్‌ఎస్ అని నాలుగు శాటిలైట్లు పంపింది.

మిర్యాలగూడ_పిల్ల:
ఇద్దరికి థ్యాంక్స్. ఇప్పుడే అట్ట కింద రెండు మాగ్నెట్లు పెట్టి ఇనుప రజను చల్లినం, ఒకదాన్ని తిప్పంగనే మధ్యల గీతలు కలిసిపోయినయి, చెల్లెకు మస్తు ఖుషీ. మరి గాలి ఎంత స్పీడొచ్చినా దాని ఫీల్డ్ ఉత్తరం దిక్కుంటే పెద్ద మాగ్నెటిక్ తుఫాను రాదా?

పాలమూరు_ఫిజిక్స్:
మామూలుగైతే రాదమ్మా. ఒత్తిడికి మన ఫీల్డ్ లోపటికి నొక్కుకుంటది, శక్తి మాత్రం తక్కువ వస్తది. ముందే చెప్పేటోళ్లు బీజెడ్, అంటే వచ్చే ఫీల్డ్‌ల ఉత్తర-దక్షిణ భాగం, మైనస్‌కు పోయిందా అని చూసేది అందుకే, దక్షిణం దిక్కు అంటే మైనస్. మన ఆదిత్య-ఎల్1 గూడ 15 లక్షల కిలోమీటర్ల కాడ ఉండి ఫీల్డ్ కొలుస్తున్నది, అక్కడ్నుంచి గాలి మన దగ్గరికి రానీకె సుమారు గంట పడ్తది.