హార్లెం రినైసాన్స్: పిల్లలకి ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న (జెర్సీ సిటీ): నమస్కారమండీ. గుంటూరు నుంచి కొత్తగా వచ్చాం. పాప నాలుగో తరగతి. హార్లెం రినైసాన్స్ మీద ప్రాజెక్టు ఇచ్చారు. మాకు ఆ పేరే కొత్త. ఏం చూపించాలి?

జవాబు (ఎడిసన్): జీవిత చరిత్రలతో మొదలుపెట్టకండి. ఆ వయసులో పేర్లు, తేదీలు కలగాపులగం అయిపోతాయి. నల్లజాతి చిత్రకారుడు జేకబ్ లారెన్స్ 1940-41లో వేసిన ‘మైగ్రేషన్ సిరీస్’ చూపించండి. మొత్తం 60 బొమ్మలు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచి దక్షిణాది నల్లజాతివాళ్లు లక్షల్లో ఉత్తరాది నగరాలకి వలస వచ్చారు. న్యూయార్క్‌లోని హార్లెం పేట నిండింది అలాగే, 1920ల్లో అక్కడ కవిత్వం, జాజ్, శిల్పం విరబూసిందీ అందుకే. దాన్నే హార్లెం రినైసాన్స్ అంటారు. లారెన్స్ ఆ తర్వాతి తరం, బొమ్మలు నేర్చుకున్నది హార్లెంలోనే.

58వ బొమ్మ దగ్గర ఆగండి. ముగ్గురు ఆడపిల్లలు నల్లబల్ల మీద అంకెలు రాస్తుంటారు, అంతే. ఇంత మామూలు సంగతిని ఎందుకు వేశాడో పాపనే అడగండి. దక్షిణాది బడుల్లో నల్లజాతి పిల్లలకి జరిగిన అన్యాయం దగ్గరికి మాట దానంతటదే వస్తుంది. సరిసంఖ్య బొమ్మలు న్యూయార్క్ మోమా (మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్)లో, బేసివి వాషింగ్టన్‌లోని ఫిలిప్స్ కలెక్షన్ మ్యూజియంలో ఉన్నాయి. అన్నీ ఎప్పుడూ గోడ మీద ఉండవు, వెళ్లేముందు వెబ్‌సైట్ చూసుకోండి. మోమాలో 16 ఏళ్ల వరకు పిల్లలకి టికెట్ లేదు.

జవాబు (ప్లెయిన్స్‌బరో): ప్రాజెక్టుకి లారెన్స్ పద్ధతే పెట్టండి. ముందు నాలుగు వాక్యాలు రాయించండి, బొమ్మలు ఆ తర్వాతే. 12 అంగుళాలకి 18 అంగుళాల అట్టలు నాలుగు పక్కపక్కన పరిచి, ఒక రంగు నాలుగింటి మీదా వేశాకే రెండోది తీయాలి. ఆయన 60 బొమ్మలకీ అలాగే చేశాడు, అందుకే రంగులు అన్నింట్లో ఒకేలా ఉంటాయి. పిల్లలు ఒకటి పూర్తిచేసేయాలని తొందరపడతారు. తడి ఆరకుండా రెండో రంగు పడితే మురికిగా తేలుతుంది.

జాజ్ వినిపించి ఊరుకోకండి. జాజ్ సంగీతకారుడు డ్యూక్ ఎలింగ్టన్ బృందం వాయించిన హార్లెంలోని కాటన్ క్లబ్‌లో కళాకారులు నల్లవాళ్లు, ప్రేక్షకులు మాత్రం తెల్లవాళ్లే. తొమ్మిదేళ్ల పిల్లకి ఇది అర్థమవుతుంది, దాచకండి.

జవాబు (హోబోకెన్): హార్లెంలో నల్లజాతి చరిత్ర, సంస్కృతుల గ్రంథాలయం షోంబర్గ్ సెంటర్‌కి తప్పక తీసుకెళ్లండి, ప్రవేశం ఉచితం. హార్లెం రినైసాన్స్ కవి లాంగ్‌స్టన్ హ్యూస్ రాయగా 1921లో అచ్చయిన నదుల కవితలో యూఫ్రటీస్, కాంగో, నైలు, మిసిసిపీ వస్తాయి. ముందురోజు మ్యాపులో ఆ నాలుగూ గుర్తు పెట్టించండి. లోపల నేల మీద ఆ కవిత ఆధారంగా చేసిన వలయం కిందే ఆయన చితాభస్మం ఉంది. మన పిల్లలు తొక్కడానికి జంకుతారు, ముందే చెప్పి ఉంచండి.

పాత్ రైల్లో వరల్డ్ ట్రేడ్ సెంటర్ దగ్గర దిగి సబ్‌వే 2 గానీ 3 గానీ ఎక్కితే 135వ వీధిలో దిగొచ్చు. 1 కూడా ఎర్ర గుర్తుదే, కానీ అది 96వ వీధి దాటాక బ్రాడ్‌వే వైపు వెళ్లిపోతుంది.