బావమరిది కంపెనీలో "ఊరికే పేరుకి" డైరెక్టర్‌గా ఉండొచ్చా?

మిర్చియార్డ్_అల్లుడు:

అందరికీ నమస్కారం. మా బావమరిది గుంటూరు దగ్గర మిరప పొడి, పసుపు ప్యాకింగ్ యూనిట్ నడుపుతున్నాడు. ఇన్నాళ్లూ అంతా సొంత పేరు మీదే. ఇప్పుడో సూపర్‌మార్కెట్ల చైన్ వాళ్లు ఆర్డరిస్తామన్నారు గానీ ప్రైవేట్ లిమిటెడ్ అయితేనే అన్నారట. ఇద్దరు డైరెక్టర్లు ఉండాలి కాబట్టి "బావా, నువ్వు ఊరికే పేరుకి ఉండు, సంతకం తప్ప నీకేం పని ఉండదు" అంటున్నాడు. లక్ష రూపాయల క్యాపిటల్, పది రూపాయల షేర్లు పదివేలు, అందులో వెయ్యి షేర్లు నాకు. ఆ తర్వాత కంపెనీ పేరు మీద బ్యాంకులో 60 లక్షల లోను.

నేను హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం చేస్తాను, ఈ వ్యాపారం గురించి ఏమీ తెలియదు. లిమిటెడ్ అంటే నష్టమొస్తే మన ఆస్తుల జోలికి రారు అంటారు కదా, అది నిజమేనా? షేర్‌హోల్డర్ వేరు, డైరెక్టర్ వేరా? రేపు వద్దనుకుంటే బయటికి రావచ్చా? కాదంటే ఇంట్లో గొడవ, అవునంటే నాకు నిద్ర పట్టదు. కాస్త తెలిసినవాళ్లు చెప్పండి.

మినిట్స్‌బుక్:

కంపెనీ సెక్రటరీగా ప్రాక్టీస్ చేస్తున్నాను కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను, ఓపిగ్గా చదవండి. మీరు ఒకే పెన్నుతో మూడు హోదాల్లో సంతకాలు పెట్టబోతున్నారు. ఒకటి షేర్‌హోల్డర్, రెండు డైరెక్టర్, మూడోది బ్యాంకుకి హామీదారు (ఇది మీకింకా చెప్పి ఉండరు). "లిమిటెడ్" అన్న మాట కాపాడేది మొదటి హోదాని మాత్రమే.

షేర్‌హోల్డర్ సంగతి సులువు. వెయ్యి షేర్లకి పదివేలు కట్టేస్తే మీ బాధ్యత అక్కడితో సరి, కంపెనీ కోటి రూపాయలు అప్పు పడినా ఆ హోదాలో మిమ్మల్ని పైసా అడగలేరు. షేరుకి నాలుగు రూపాయలే కట్టి ఉంటే మిగతా ఆరు చొప్పున ఆరువేలు అడుగుతారు, అంతే. కాకపోతే ఆ డబ్బు నిజంగా మీ ఖాతాలోంచి కంపెనీ ఖాతాలో పడాలి. చాలామంది కంపెనీ పెట్టేసి ఈ డబ్బు వేయడం మర్చిపోతారు. డబ్బు వచ్చిందని 180 రోజుల్లోపు ఐఎన్‌సీ-20ఏ ఫారంలో డిక్లరేషన్ ఇవ్వకపోతే కంపెనీకి 50 వేలు, డైరెక్టర్లకి రోజుకి వెయ్యి చొప్పున లక్ష దాకా పెనాల్టీ. అసలా డిక్లరేషన్ లేకుండా కంపెనీ వ్యాపారం మొదలుపెట్టకూడదు, అప్పు కూడా తీసుకోకూడదు. మీ వాడి 60 లక్షల ప్లాను అక్కడే ఆగుతుంది.

కంపెనీ వేరే మనిషి అనేది చట్టంలో మూలసూత్రం. మనవాళ్లకి సత్యం కంప్యూటర్స్ కంటే మంచి ఉదాహరణ లేదు. 2009 జనవరి 7న, లెక్కలు తప్పుగా చూపించానని ఒప్పుకుంటూ రాసిన ఉత్తరం బయటికొచ్చాక ఛైర్మన్ జైలుకెళ్లాడు గానీ కంపెనీ మూతపడలేదు. ప్రభుత్వం పాత బోర్డుని తీసేసి కొత్తవాళ్లని కూర్చోబెట్టింది, అదే ఏడాది టెక్ మహీంద్రా చేతికెళ్లింది, 2013లో అందులో కలిసిపోయింది. యజమాని పోయినా, మారినా, దివాలా తీసినా కంపెనీ అలాగే ఉంటుంది. దీనికి రెండో వైపు కూడా ఉంది, అది మీ బావమరిదికి చెప్పండి: కంపెనీ డబ్బు అతని డబ్బు కాదు. 90 శాతం షేర్లున్నా సరే కాదు. ఇన్నాళ్లూ గల్లాపెట్టెలోంచి తీసి పిల్లల ఫీజు కట్టినట్టు ఇక కుదరదు, అలా తీస్తే పుస్తకాల్లో డైరెక్టరుకి ఇచ్చిన అప్పుగా తేలుతుంది, వాటి మీద 185వ సెక్షన్ ఆంక్షలున్నాయి.

ఇక డైరెక్టర్. ఇక్కడే "పేరుకి" అన్న మాట పనికిరాదు. 2013 కంపెనీల చట్టంలో "పేరుకి డైరెక్టర్" అనే కుర్చీ లేదు. తప్పు జరిగినప్పుడు ఎవరిని పట్టుకోవాలో 2(60) సెక్షన్ చెప్తుంది. మేనేజింగ్ డైరెక్టరో హోల్‌టైమ్ డైరెక్టరో ఉంటే ముందు వాళ్లు. అలాంటివాళ్లు లేక, ఫలానా డైరెక్టరుదే బాధ్యత అని బోర్డు కూడా తీర్మానించకపోతే డైరెక్టర్లందరూ. చిన్న కంపెనీల్లో ఎండీని వేసుకునేవాళ్లు తక్కువ, విజిటింగ్ కార్డు మీద మాత్రం ఎండీ అని ఉంటుంది. అలా ఉంటే గుంటూరులో ఫైలింగ్ తప్పితే హైదరాబాద్‌లో ఉన్న మీకూ నోటీసు వస్తుంది.

అంతటితో అయిపోలేదు. కంపెనీ నుంచి ఆదాయపు పన్ను, జీఎస్టీ బకాయిలు వసూలు కాకపోతే ప్రైవేటు కంపెనీ డైరెక్టర్ల మీదికి రావచ్చు. నా నిర్లక్ష్యం వల్ల కాదు అని నిరూపించుకోవాల్సింది మీరే. "నాకేం తెలియదండీ, నేను సంతకమే పెట్టాను" అనేది అక్కడ మీకు పనికొచ్చే వాదన కాదు, అదే నిర్లక్ష్యానికి సాక్ష్యం.

రిటైర్డ్_మేనేజర్:

పైవారు హామీ అని ఒక్క ముక్కలో వదిలేశారు గానీ అసలు ప్రమాదం అదే. నేను బ్యాంకులో లోన్ల సెక్షన్‌లో పనిచేసి రిటైరయ్యాను. లక్ష రూపాయల క్యాపిటల్ ఉన్న కొత్త కంపెనీకి 60 లక్షలు ఎవరు మాత్రం ఊరికే ఇస్తారు? డైరెక్టర్లందరి పర్సనల్ గ్యారంటీ అడగడం మామూలు. ఆ రోజు బ్రాంచిలో కాగితాల కట్ట ముందు పెడతారు, పెన్సిల్‌తో ఇంటూ మార్కులు పెట్టి ఉంటాయి, మీరు ఒక్కో మార్కు దగ్గరా సంతకం పెట్టుకుంటూ పోతారు. అందులో గ్యారంటీ డీడ్ ఏదో సగంమందికి తెలియదు.

అది పెట్టాక లిమిటెడ్ అన్న మాట మర్చిపోవచ్చు. కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం హామీదారు బాధ్యత అప్పు తీసుకున్నవాడితో సమానం. ముందు కంపెనీ ఆస్తులన్నీ అమ్మి, అప్పటికీ చాలకపోతేనే మీ దగ్గరికి రావాలన్న రూలు లేదు, నేరుగా మీ హైదరాబాద్ ఫ్లాట్ మీదికే రావచ్చు. రేపు మీరు డైరెక్టర్‌గా రాజీనామా చేసినా గ్యారంటీ పోదు. బ్యాంకు రాతపూర్వకంగా మిమ్మల్ని విడిచిపెడితేనే పోతుంది, ఇంకో హామీ చూపించకుండా ఏ బ్యాంకూ అంత తేలిగ్గా విడిచిపెట్టదు. ఇంకొకటి, చెక్కుల మీద జాయింట్ సంతకానికి ఒప్పుకోకండి. చెక్కు బౌన్సయితే సంతకం పెట్టినవాడు 138 సెక్షన్ (చెక్ బౌన్స్) కేసులో మొదటి వరసలో ఉంటాడు.

డీఎస్‌సీ_బాధితుల_సంఘం:

మా ఫ్రెండుది ఇదే కథ, అందుకే రాస్తున్నా. కంపెనీలో ఇప్పుడు ఎక్కువ సంతకాలు కాగితం మీద కాదు, పెన్‌డ్రైవ్ లాంటి టోకెన్‌లో ఉండే డిజిటల్ సంతకంతోనే. వాడి టోకెన్ ఏళ్ల తరబడి వాళ్ల ఆడిటర్ ఆఫీసు సొరుగులోనే ఉంది. ఆ సొరుగు నేను కళ్లారా చూశాను, రబ్బరుబ్యాండ్ వేసిన టోకెన్ల గుత్తి, ఒక్కోదానికి స్టిక్కరు, స్టిక్కరు మీద పేరు, పేరు కింద పాస్‌వర్డ్! ఆఫీసులో కుర్రాడెవరైనా వాడి పేరు మీద ఏ ఫారమైనా వేసేయొచ్చు. వేశాక "అది నా సంతకం కాదు" అని ఎవరికి చెప్తావు?

విచిత్రమేమిటంటే వాణ్ణి ముంచింది వేసిన ఫారాలు కాదు, వేయని ఫారాలు. వ్యాపారం ఆగిపోయింది కదా అని కంపెనీని అలా గాలికొదిలేశారు. వ్యాపారం ఒక్క రూపాయి లేకపోయినా ఆడిట్ తప్పదు, సెప్టెంబరు 30 లోపు ఏజీఎం (షేర్‌హోల్డర్ల వార్షిక సమావేశం), అది అయిన 30 రోజుల్లో లెక్కలు, 60 రోజుల్లో యాన్యువల్ రిటర్ను వేయాలి. ఆలస్యమైతే ఒక్కో ఫారానికి రోజుకి వంద, దానికి పైహద్దు లేదు. రెండు ఫారాలు ఏడాది లేటయితే 73 వేలు, వేసుకోండి లెక్క. వరసగా మూడేళ్లు వేయకపోతే కంపెనీల చట్టం 164(2) సెక్షన్ కింద ఐదేళ్లు ఇంకే కంపెనీలోనూ డైరెక్టర్‌గా చేరడానికి లేదు. 2017లో ఇలాగే రెండు లక్షలకి పైగా కంపెనీల పేర్లు కొట్టేసి, మూడు లక్షలమందికి పైగా డైరెక్టర్లని అనర్హుల జాబితాలో పెట్టారు, వాళ్లలో మావాడూ ఒకడు. తర్వాత సొంతంగా కంపెనీ పెట్టబోతే అప్పుడు తెలిసింది.

పార్ట్‌నర్_నంబర్_టూ:

ఇంత భయపెట్టడం ఎందుకండీ, ఎల్‌ఎల్‌పీ (బాధ్యతకి హద్దు ఉండే భాగస్వామ్య సంస్థ) పెట్టుకోమనండి. టర్నోవర్ 40 లక్షలు, పెట్టుబడి 25 లక్షలు దాటనంతవరకు ఆడిట్ కూడా అక్కర్లేదు, హాయిగా ఉంటుంది.

మినిట్స్‌బుక్:

@పార్ట్‌నర్_నంబర్_టూ 60 లక్షల లోను తీసుకునేవాడి టర్నోవర్ 40 లక్షల లోపు ఉంటుందా? పైగా ఎల్‌ఎల్‌పీకీ ఇద్దరు కావాలి, అంటే అల్లుడుగారు మళ్లీ మొదటికే వస్తారు. ఆర్డరిచ్చేవాళ్లు ప్రైవేట్ లిమిటెడ్ అని అడిగారు కూడా.

అసలు ప్రశ్నే తప్పు చోట మొదలైందని నా అనుమానం. ఇద్దరు తప్పనిసరి అని ఎవరన్నారు? వన్ పర్సన్ కంపెనీ, ఓపీసీ, 2013 చట్టంలోనే ఉంది. ఒకడే షేర్‌హోల్డరు, అతనే డైరెక్టరు. అదీ ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీయే, పేరులో బ్రాకెట్లో ఓపీసీ అని వస్తుంది, అంతే తేడా. వ్యాపారం ఒక హద్దు దాటితే బలవంతంగా మామూలు కంపెనీగా మార్చాలన్న పాత నిబంధన 2021లో తీసేశారు. ఏజీఎం కూడా అక్కర్లేదు. అతనికేమైనా అయితే షేర్లు ఎవరికి వెళ్లాలో ఒక నామినీ పేరు రాయాలి. బావగారి పేరు తప్పకుండా ఉండాలని అతనికి అంత ముచ్చటగా ఉంటే అక్కడ రాసుకోమనండి. నామినీగా ఉన్నందుకు కంపెనీ అప్పులూ ఫైలింగులూ మీ మెడకి చుట్టుకోవు, వద్దనుకుంటే సమ్మతి వెనక్కి తీసుకోవచ్చు.

అయినా డైరెక్టర్‌గానే ఉండాల్సి వస్తే అతన్ని ఎండీగా కాగితం మీద నియమించమనండి, బోర్డు మినిట్స్ మీకూ పంపమనండి, టోకెన్ మీ దగ్గరే పెట్టుకోండి, గ్యారంటీ మాత్రం పెట్టకండి. మీరు ఉద్యోగంలో చేరినప్పుడు సంతకం పెట్టిన కాగితాలు కూడా ఓసారి తీసి చూడండి, ఇంకో కంపెనీలో డైరెక్టర్‌గా ఉండకూడదని చాలాచోట్ల రాసి ఉంటుంది.

బయటికి రావడం గురించి అడిగారు కదా. డైరెక్టర్ పదవికి రాజీనామా లెటర్ చాలు, కంపెనీ 30 రోజుల్లో డీఐఆర్-12 వేయాలి, వాళ్లు ఆలస్యం చేస్తారనిపిస్తే మీరే డీఐఆర్-11 వేసుకోవచ్చు. ఉన్నన్నాళ్లలో జరిగిన తప్పులకి మాత్రం తర్వాత కూడా జవాబు చెప్పుకోవాలి. షేర్ల నుంచి బయటపడటం అంతకంటే కష్టం. ప్రైవేటు కంపెనీ షేర్లు ఇష్టమొచ్చినవాళ్లకి అమ్మడానికి ఆర్టికల్స్ (కంపెనీ సొంత నియమావళి) ఒప్పుకోవు, మీ పది శాతం కొనేది ఆ బావమరిదే, ధర చెప్పేదీ అతనే. 75 శాతం ఓట్లుంటే పెద్ద నిర్ణయాలకి కావాల్సిన స్పెషల్ రిజల్యూషన్ కూడా నెగ్గుతుంది, అతనికి 90 ఉన్నాయి. పది శాతంతో మీకున్నవి రెండే, మీటింగు పెట్టమని అడగడం, మరీ అన్యాయం జరిగితే కంపెనీల తగాదాలు చూసే ట్రిబ్యునల్ ఎన్‌సీఎల్‌టీ అమరావతి బెంచ్‌కి వెళ్లడం. బావమరిది మీద ట్రిబ్యునల్‌కి వెళ్లి సంక్రాంతికి అదే ఇంటికి అల్లుడిగా ఎలా వెళ్తారో మీరే ఆలోచించుకోండి.

మిర్చియార్డ్_అల్లుడు:

అందరికీ చాలా థ్యాంక్స్. నిన్న రాత్రి ఫోన్లో ఓపీసీ సంగతి చెప్పాను, "బావా, మన ఆడిటర్ ఈ మాట చెప్పనే లేదే" అన్నాడు. సూపర్‌మార్కెట్ వాళ్లని అడిగితే కంపెనీ పాన్, జీఎస్టీ ఉంటే చాలు, బ్రాకెట్లో ఏముందో మాకనవసరం అన్నారట. గ్యారంటీ మాట ఎత్తగానే కాసేపు ఏమీ మాట్లాడలేదు, అంటే ముందే తెలుసన్నమాట.

ఇప్పుడు ఇంకో డౌటు. డైరెక్టర్‌గా ఉండనన్నాను కాబట్టి కనీసం ఐదు లక్షలు చేబదులుగా ఇవ్వమంటున్నాడు. అది నేరుగా కంపెనీ ఖాతాలో వేయొచ్చా?

మినిట్స్‌బుక్:

మీరు వేయకండి, మీ ఆవిడ ఖాతాలోంచి వేయండి. కంపెనీ బయటివాళ్ల దగ్గర అప్పుగా డబ్బు తీసుకుంటే అది డిపాజిట్ కిందికి వచ్చి కొత్త తలనొప్పి. ప్రైవేటు కంపెనీ డైరెక్టరు బంధువుల దగ్గర తీసుకుంటే మాత్రం మినహాయింపు ఉంది. కానీ ఆ బంధువుల జాబితాలో అక్కచెల్లెళ్లున్నారు, వాళ్ల భర్తలు లేరు. అంటే మీ ఆవిడ బంధువు, మీరు బయటివాళ్లు. డబ్బు ఆవిడ సొంతదై ఉండాలి, ఇంకెక్కడా అప్పు తెచ్చి ఇస్తున్నది కాదని రాతపూర్వకంగా డిక్లరేషన్ ఇవ్వాలి. వడ్డీ ఎంత, ఎప్పటికి తిరిగిస్తారు అనేది ఒక పేజీ మీద రాసుకుని కంపెనీ తరఫున సంతకం తీసుకోండి, తమ్ముడు కదా అని ఆవిడ వద్దన్నా సరే.

లేదా ఐదు లక్షలు నేరుగా బావమరిదికే అతని సొంత పేరు మీద ఇచ్చేయండి, అతను కంపెనీలో పెట్టుకుంటాడు. అప్పుడు బాకీ అతను మీకు పడతాడు, కంపెనీ కాదు. కంపెనీ మునిగినా అతన్ని అడగొచ్చు. కాకపోతే మీ దగ్గర తెచ్చిన అప్పునే తిప్పి కంపెనీకి అప్పుగా ఇస్తే డిక్లరేషన్ దగ్గర అతనికి చిక్కొస్తుంది కాబట్టి షేర్ క్యాపిటల్‌గా వేసుకోమనండి.