పాత అలారం ప్యానెల్‌ను హబ్‌కు కలపాలా, తీసేయాలా?

తార్నాక_పాతిల్లు: తార్నాకలో మా అమ్మ ఒక్కతే ఉంటోంది. నేను పుణెలో ఉద్యోగం. 2011లో ఇల్లు కట్టినప్పుడే ఎనిమిది జోన్ల (విడివిడి సెన్సర్ లైన్ల) వైర్ల అలారం పెట్టించాం. తలుపులకు, కిటికీలకు అయస్కాంతపు స్విచ్‌లు, హాల్లో మోషన్ సెన్సర్, డాబా మీద సైరన్. బిగించినవాళ్ల ఫోను ఇప్పుడు పలకదు కానీ వైర్లు బాగున్నాయి. ఆ వైర్లన్నీ చేరే పెట్టెను, అంటే ప్యానెల్‌ను తీసేసి, వాటిని ఈఎస్‌పీ32 అనే చిన్న వైఫై బోర్డుకు కలిపి, రాస్‌బెర్రీ పై అనే చిట్టి కంప్యూటర్ మీద నడిచే హోమ్ అసిస్టెంట్ సాఫ్ట్‌వేర్‌కు (ఇదే నా హబ్) అప్పగించాలని ఉంది. ఎవరైనా చేశారా? సంక్రాంతికి వచ్చినప్పుడే పని ముగించాలి.

కోఠి_వైరింగ్: ప్యానెల్ జోలికి వెళ్లకండి. ఇరవై ఏళ్లుగా నా పని ఇదే. ఆ పెట్టెలో 12 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. కరెంటు పోయినా, ఇంటర్నెట్ పోయినా సైరన్ మోగుతుంది. హబ్ కావాలంటే ప్యానెల్ రిలే (అలారం మోగినప్పుడు మారే స్విచ్) నుంచి రెండు తీగలు దానికి ఇవ్వండి. మోగించేది ప్యానెల్, కబురు చెప్పేది హబ్. పైగా ప్రతి జోన్ చివర ఒక రెసిస్టర్ ఉంటుంది, దాని విలువను ప్యానెల్ ఎప్పుడూ గమనిస్తుంటుంది. దొంగ వైరు కోసినా, రెండు తీగలూ కలిపేసినా ప్యానెల్ పసిగడుతుంది. మీ బోర్డుకు తలుపు తెరిచి ఉందా, మూసి ఉందా అన్నదే తెలుస్తుంది.

తార్నాక_పాతిల్లు: దసరాకు వచ్చినప్పుడు పెట్టె తెరిచి చూశాను. ఆకుపచ్చ, నీలం, ఎరుపు పట్టీల రెసిస్టర్లు, అంటే 5.6 కిలో ఓములవి, ఎనిమిదీ పెట్టెలోనే టెర్మినళ్ల దగ్గర మెలేసి ఉన్నాయి. సెన్సర్ల దగ్గర ఉండాల్సినవి. దారిలో ఎవరు తీగలు కలిపేసినా మా ప్యానెల్‌కు అంతా సవ్యంగానే కనిపిస్తుంది. మీరు చెప్పే కాపలా మా ఇంటికి మొదటి రోజు నుంచీ లేదు.

కోఠి_వైరింగ్: అది బిగించినవాడి తప్పు, ప్యానెల్‌ది కాదు. రెసిస్టర్లు సెన్సర్ల దగ్గరికి మార్చండి.

తార్నాక_పాతిల్లు: కిటికీల స్విచ్‌లు టేకు చట్రంలో దింపి, పుట్టీ పెట్టి, పైన రంగు వేశారు. చట్రాలు పగలగొట్టమంటారా? ఈఎస్‌పీ32కు అనలాగ్ (వోల్టేజి కొలిచే) పిన్నులున్నాయి, రెసిస్టర్ విలువ అదీ చదువుతుంది.

నాలుగో_అంతస్తు: ఒక్క మాట. డాలస్ నుంచి బంధువులతో జీ-వేవ్ అనే వైర్‌లెస్ సెన్సర్లు తెప్పించుకోకండి. అమెరికావి 908.42 మెగాహెర్ట్‌జ్, మన దేశానివి 865.2, ఒకదానితో ఒకటి కలవవు. నా దగ్గర ఆరు అలాగే పడి ఉన్నాయి.

తార్నాక_పాతిల్లు: మావి వైర్లవండీ.

కోఠి_వైరింగ్: రెసిస్టర్ సంగతి అలా దాటేయకండి. నాచారంలో ఒకాయన ఇలాగే ప్యానెల్ తీసేయించి అంతా హబ్‌కు కలుపుకున్నాడు. మే నెల గాలివానకు మూడు గంటలు కరెంటు పోయింది. హబ్‌కు బ్యాటరీ లేదు. వెనక తలుపు పగిలింది, సైరన్ నోరు మెదపలేదు. మొదట అలారం బిగించింది నేనని నన్ను స్టేషన్‌కు పిలిపించారు. సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చున్నాను. ఆ రోజు నాకింకా గుర్తుంది.

తార్నాక_పాతిల్లు: అందులో మీ తప్పేమీ లేదు. నేను బోర్డుకు, రాస్‌బెర్రీ పైకి, రూటరుకు ప్యానెల్ పెట్టెలోని బ్యాటరీ నుంచే కరెంటు ఇస్తాను.

కోఠి_వైరింగ్: 12 వోల్టులు, 7 ఆంపియర్-అవర్ అంటే 84 వాట్-అవర్. రాస్‌బెర్రీ పై, రూటరు కలిసి 12 వాట్లు లాగితే కాగితం మీద ఏడు గంటలు. బ్యాటరీ పాతదైతే అందులో సగం కూడా రాదు. మొండితనానికి మందు లేదు.

తార్నాక_పాతిల్లు: మొండితనం ఎవరిది? వెనక తలుపుకు రాత్రంతా గడియ లేదని మర్నాడు పనమ్మాయి చెబితే తెలిసింది నాకు. మీ ప్యానెల్ చెప్పిందా?

మల్లెపందిరి: బాబూ, ఇదంతా మీ అమ్మను అడిగారా? మా అబ్బాయి మెల్‌బోర్న్‌లో ఉంటాడు. మా పెరటి తలుపు తీస్తే వాడి ఫోను మోగుతుంది. తెల్లవారుజామున పూలు కోసుకుందామని తలుపు తీస్తే, "ఇంత పొద్దున్నే ఎందుకు లేచావమ్మా" అని అడుగుతాడు. ప్రేమతోనే. నెల తిరిగేసరికి నేను తెల్లవారేదాకా తలుపు తీయడం మానేశాను. నా ఇంట్లో నేను.

తార్నాక_పాతిల్లు: అమ్మా, మీకు కోపం వచ్చినా సరే చెబుతాను. రెండేళ్ల క్రితం మా అమ్మ స్నానాల గది గుమ్మంలో పడి నాలుగు గంటలు అలాగే ఉండిపోయింది. పాలబ్బాయి పిలిచినా పలకలేదు, నిద్రపోతోందేమో అనుకుని వెళ్లిపోయాడు. నాకు దొంగల భయం లేదు. పొద్దున ఏడింటికి వంటింటి తలుపు తెరుచుకోకపోతే ఆ సంగతి నాకు తెలియాలి. అంతే.

కోఠి_వైరింగ్: ఈ మాట మొదటే చెప్పాల్సింది. దొంగ వస్తే పక్కింటివాళ్లకు వినిపించాలి, అమ్మ లేవకపోతే మీకు తెలియాలి. ఈ రెండు పనులూ ఒకే పెట్టె నెత్తిన పెట్టకండి. ప్యానెల్‌ను ఉన్నచోటే ఉంచండి. వంటింటి తలుపుకు వేరేగా ఒక జిగ్బీ (వైర్లు అక్కర్లేని) సెన్సర్ అతికించి హబ్‌కు కలపండి.

మల్లెపందిరి: ఆ ఒక్కటీ అడిగి పెట్టు నాయనా.

తార్నాక_పాతిల్లు: రాత్రి ఫోను చేశాను. వంటింటి తలుపుకు సరేనంది. పెరటి తలుపు వద్దంది. ఎందుకని అడిగితే మాట మార్చింది. ప్యానెల్ తీయడం లేదు.

కోఠి_వైరింగ్: మంచిది. వచ్చినప్పుడు బ్యాటరీ ఎప్పుడు మార్చారో చూడండి, నాలుగేళ్లు దాటితే కొత్తది వేయండి. కిటికీలు వదిలేసినా, ముందు తలుపు రెసిస్టర్ మాత్రం సెన్సర్ దగ్గరికి మార్పించండి.